కుడివైపు తిరిగిన పడవ

యంత్రానికి పెట్టిన బొట్టు దేవుడికి చేరుతుందా అన్న అనుమానం విద్యాసాగర్‌ను ఇరవై ఏళ్ళుగా వదల్లేదు. ఆబిడ్స్ సందులోని రేడియో మరమ్మతు దుకాణంలో రోజూ పొద్దున్నే సోల్డరింగ్ ఐరన్‌కు కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టి, ఆ తరువాతే ప్లగ్గు పెడతాడు. కాసేపటికి వేడికి బొట్టు నల్లబడి రాలిపోతుంది. అది ఎవరికి చేరినట్టు? పంతులుగారిని అడగబోయి చాలాసార్లు ఆగిపోయాడు. అడిగితే మానెయ్యమంటాడేమోనని భయం.

ఆ ఆదివారం కూడా బొట్టు పెట్టే, బొమ్మ పడవ లోపలి రిసీవర్‌కు మిగిలిన ఒక్క తీగా అతికాడు. ఎదురుగా స్టూలు మీద తాతారావు ఊపిరి కూడా బిగబట్టి చూస్తున్నాడు.

తాతారావుది కాకినాడ. రాజధానితో పాటు కర్నూలు నుంచి ఈ ఊరొచ్చిన సెక్రటేరియట్ గుమాస్తా. ఓడలో పనిచేసే బావమరిది తెచ్చిచ్చిన అట్టపెట్టె పట్టుకుని రెండేళ్ళ కిందట ఈ దుకాణం మెట్లెక్కాడు. పెట్టెలో పలుచని చెక్కముక్కలు, ఒక నక్షా, వేలెడంత మోటారు. చెక్కపని ఆయన చేశాడు, తీగల పని విద్యాసాగర్ చేశాడు. ఆదివారాలన్నీ దానికే పోయాయి. మొదటిసారి నీళ్ళలో వదిలితే అడుగు కారింది. రెండోసారి పడవ బొత్తాం మాట వినలేదు. ఆనాడు తాతారావు ముఖం చూడలేక విద్యాసాగర్ మాట ఇచ్చాడు: "మీ చేతితోనే తిప్పిస్త, రావు సాబ్."

ఇప్పుడు ఆయన రిటైరయ్యాడు. మంగళవారం రైలుకు సామానుతో కాకినాడ పోతున్నాడు. ఇక మిగిలింది ఈ ఒక్క పూటే.

పడవను చంటిపిల్లలా భుజాన వేసుకుని విద్యాసాగర్ ముందు నడిచాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర రిక్షావాడు నవ్వాడు.

"ఏం సాబ్, సముద్రం గీడికే వచ్చిందా?"

"వస్తలేదనే మేమే పోతున్నం."

తాతారావు రెండుచోట్ల ఆగాడు. రెండోచోట గోడ పట్టుకుని, "ఇంత దూరానికే ఆయాసపడేవాణ్ణి, ఓడ నడుపుతానంటున్నానండీ," అన్నాడు.

"ఓడ నడుపుతందుకు కాళ్ళెందుకు సాబ్, బొటనవేలు చాలు."

అది నిజమే. గట్టు మీంచే రేడియోతో పడవను తిప్పే చేతిపెట్టె మీద ఒకటే బొత్తాం. నొక్కి పట్టుకుంటే పడవ కుడికి తిరుగుతుంది. రెండుసార్లు నొక్కి పట్టుకుంటే ఎడమకు. వదిలేస్తే తిన్నగా పోతుంది.

పబ్లిక్ గార్డెన్స్ కొలను గట్టు మీద విద్యాసాగర్, తన భార్య సౌభాగ్య ఇచ్చిన కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు పడవ ముక్కు మీద పోశాడు.

"అయ్యయ్యో, మూత బిగించారా సాగర్ గారూ?"

"బిగించిన. రెండు చుక్కలే గద," అన్నాడు గానీ, బిగించిందీ లేనిదీ గుర్తు రాలేదు.

తాతారావు సిమెంటు బెంచీ మీద కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. విద్యాసాగర్ పడవను వదిలాడు. అది తిన్నగా పోయింది. కుడికి తిరిగింది. మళ్ళీ తిన్నగా, ఆపైన ఎడమకు.

"వింటోందండీ," అన్నాడు తాతారావు వెనకనుంచి. "మా ఆవిడ ముప్ఫై ఏళ్ళలో ఇన్నిసార్లు వినలేదు."

విద్యాసాగర్ నవ్వాడు, కళ్ళు మాత్రం నీళ్ళమీదే. పడవ మళ్ళీ కుడికి తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు.

"రావు సాబ్, జర బొత్తాం ఇడువున్రి."

నాలుగో చుట్టు.

"ఇడువున్రి సాబ్, గట్ల పట్టుకుంటే తిరుగుతనే ఉంటది."

అయిదు. విద్యాసాగర్‌కు గుర్తొచ్చింది. కొబ్బరినీళ్ళు. మూతలోంచి దిగి తీగలను కలిపేశాయి. రెండేళ్ళ పనిని తన భక్తే ముంచింది. ఇరవై ఏళ్ళ అనుమానానికి దేవుడు ఇవాళ జవాబు చెప్పాడనుకున్నాడు. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, పడవ కోసం మోకాలిలోతు నీళ్ళలోకి దిగాడు.

"తప్పు నాదే, రావు సాబ్. నీళ్ళు పోయకపోతే బాగుండు."

జవాబు రాలేదు. కోపమొచ్చిందేమోనని వెనక్కి తిరిగాడు.

తాతారావు పెట్టెలోకి తొంగి చూస్తున్నట్టు ముందుకు ఒరిగి ఉన్నాడు. కళ్ళజోడు గడ్డి మీద పడి ఉంది.

విద్యాసాగర్ గట్టెక్కి భుజం పట్టుకుని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మొక్కలకు నీళ్ళు పడుతున్న తోటమాలి గొట్టం వదిలేసి వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేశాడు.

"మీ వాడా?"

"ఔ," అన్నాడు విద్యాసాగర్.

ఒరిగిన ఒంటి బరువంతా ఆ బొటనవేలి మీద పడి, బొత్తాం అణిగి ఉంది. పడవ పాడుకాలేదు. కొబ్బరినీళ్ళు ఎక్కడికీ దిగలేదు. ఇంతసేపూ అది తాతారావు మాటే వింటోంది.

ఇచ్చిన మాట చెల్లింది. అది ఇలా చెల్లుతుందని ఏ దేవుడూ ముందుగా చెప్పలేదు.

తోటమాలీ తనూ కలిసి ఆయనను మెల్లగా వెనక్కి వాల్చారు. చేయి పక్కకు జారింది. కొలనులో మోటారు చప్పుడు మారింది. పడవ చుట్టు విడిచి తిన్నగా పోయి, తామరాకుల్లో ముక్కు దూర్చి ఆగింది. మోటారు ఆగలేదు, ఒక ఆకు అంచు అదేపనిగా వణుకుతూ ఉంది.