మీరు ఆయనకేమైతరు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెనక కాలనీలో ఒక రేకుల మందిరం ఉంది. ఆదివారం పొద్దున ఆరాధన మొదలయ్యే ముందు గంటసేపు అక్కడ పిల్లలకు బైబిలు పాఠం చెప్పేది ప్రేమలత. వారమంతా మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పని. ఎంత అలసిపోయినా ఆదివారం తొమ్మిదింటికల్లా వచ్చి తానే చాపలు పరిచేది. పద్నాలుగు మంది పిల్లలు వచ్చేవారు.

ఫూల్మని జూన్‌లో వచ్చింది. తొమ్మిదేళ్ళుంటాయి. తండ్రి జార్ఖండ్ నుంచి కాంట్రాక్టు పనికి వచ్చినవాడు. కూతురిని గుమ్మం దాకా తీసుకొచ్చి, చెప్పులు విడిచి, చేతులు జోడించి, "హమ్ భీ ఈసాయీ హై, దీదీ" అన్నాడు. మేమూ క్రైస్తవులమే అని. పిల్లకు తల్లి లేదని చెప్పడానికి వేలు పైకి చూపించాడు.

ఆ పిల్లకు తెలుగు ముక్క రాదు. చాప మీద కూర్చోగానే పక్కనున్న దీవెన దూరం జరిగింది. దీవెనకు ఎనిమిదేళ్ళు, మనసులో మాట దాచుకోలేదు.

"టీచరక్కా, గీ పిల్ల మనోళ్ళ పిల్ల కాదు" అంది.

ప్రేమలత ఆ రోజు చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టింది.

"ప్రభువు మనకు ప్రార్థన నేర్పిండు కదా. 'నా తండ్రీ' అనుమన్నడా, 'మా తండ్రీ' అనుమన్నడా?"

"మా తండ్రీ!" పిల్లలంతా అరిచారు.

"మరి ఆ 'మా'ల ఎవరెవరున్నరు?"

నేను, మా తమ్ముడు, మా అమ్మ, పాస్టరయ్య, బీరమ్మవ్వ అంటూ లెక్కపెట్టుకొచ్చారు. మందిరంలో ఉన్నవాళ్ళంతా అయిపోయాక ఆగిపోయారు. అప్పుడు ప్రేమలత తనకొచ్చిన హిందీలో ఫూల్మనిని అదే ప్రార్థన చెప్పమంది. ఆ పిల్ల లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, ఎక్కడా తడబడకుండా చెప్పింది. పిల్లలకు మాటలు అర్థం కాలేదు. కానీ అది ఏ ప్రార్థనో సగంలోనే పట్టేశారు. చివర్లో అందరూ ఒక్కసారే ఆమేన్ అన్నారు.

"సూసిన్రా! మనమెన్నడు పోని ఊర్లల్ల, మనమెన్నడు చూడనోళ్ళు గూడ గిదే ప్రార్థన చేస్తున్నరు. వాళ్ళంత మన ఇంటోళ్ళే. ఈమె మీ అక్క."

"నిజం అక్కనా, ఉత్తగంటున్నవా?" అనుమానంగా అడిగింది దీవెన.

"నిజం అక్కనే."

పిల్లలు ఆ మాటను అలాగే నమ్మారు. రెండు నెలల్లో ఫూల్మని అచ్చనగండ్ల ఆటలో అందరినీ ఓడించడం మొదలుపెట్టింది. "జరుగు", "నాకియ్యి", "తొండి" అనే మాటలు నేర్చుకుంది. దీవెన తల్లి తన కూతురికి కుట్టిన గుడ్డలోనే ఆ పిల్లకూ ఒక గౌను కుట్టింది. తండ్రి మాత్రం ఎప్పుడూ గుమ్మం దగ్గరే కూర్చుని, ఆరాధన కాగానే నవ్వి వెళ్ళిపోయేవాడు. అందరూ ఆయన్ను భయ్యా అనేవారు.

సెప్టెంబరులో ఒక గురువారం, షిఫ్ట్ దిగుతుంటే తోటి కార్మికురాలు సంగమ్మ చెప్పింది.

"మీ మందిరానికొచ్చే హిందీ పోరి లేదా, వాళ్ళ నాయన కంపెనీల నిన్న పైపు పగిలిందంట. ఆయన చెయ్యి, మొఖం కాలినయంట."

ప్రేమలత పరుగున వాళ్ళ గదికి వెళ్ళింది. తాళం. తండ్రిని ఏదో ఆసుపత్రికి తీసుకెళ్ళారని, పిల్లను కాంట్రాక్టరు మనుషులు బండిలో ఎక్కించుకుపోయారని పక్కగది వాళ్ళు చెప్పారు. ఆమె పాస్టరు ప్రభాకర్‌ను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయింది. అక్కడ నర్సన్న అనే పెద్దాయన కాపలా ఉన్నాడు.

"ఎవరి కోసమమ్మా?"

"ఫూల్మని వాళ్ళ నాయన కోసం."

"గట్ల గాదు, ఆయన పేరేంది?"

ప్రేమలత పాస్టరు వైపు చూసింది. పాస్టరు ఆమె వైపు చూశాడు.

"పోనీ ఇంటిపేరు? ఫోన్ నంబరు? ఏ ఊరు?"

ఒక్కటీ తెలియదు.

"మీరు ఆయనకేమైతరు?"

"ఒక్క మందిరపోళ్ళం" అంది ప్రేమలత.

"చుట్టాలకు తప్ప ఎవ్వలకు చెప్పొద్దన్నరమ్మా. నేనేం జెయ్యాలె, చెప్పు." నర్సన్న చెడ్డవాడు కాదు. లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. అంతకు మించి ఆయన చేతిలోనూ ఏమీ లేదు.

రెండు ఆసుపత్రులు తిరిగారు. రెండు చోట్లా మొదట పేరే అడిగారు. పక్కగది వాళ్ళకూ ఆయన భయ్యానే, పేరు తెలియదు. శనివారం పక్కగది వాళ్ళు ఫోన్ చేశారు. చేతికి కట్టుతోనే తండ్రినీ, పిల్లనూ సికింద్రాబాదులో రైలెక్కించి పంపేశారట. పాస్టరు తనకు తెలిసిన హిందీ క్రైస్తవ సంఘం పెద్దకు ఫోన్ చేశాడు. ఆయన శ్రద్ధగా విని, "జార్ఖండ్‌లో ఏ ఊరు, బ్రదర్?" అని అడిగాడు.

ఆదివారం వచ్చింది.

"ఫూల్మని అక్క ఏది?" దీవెన అడిగింది.

"వాళ్ళూరికి పోయింది."

"ఏ ఊరు?"

"తెల్వది బిడ్డా."

"నేను కనవడకపోతే మా అమ్మ ఊరంత దేవులాడ్తది. నువ్వు దేవులాడినవా?"

"దేవులాడిన."

"మల్ల?"

ప్రేమలతకు తన మాటే గుర్తొచ్చింది. నిజం అక్కనే అని ఎంత తేలిగ్గా చెప్పేసింది! నాలుగు నెలలు ఆ మనిషి గుమ్మం దగ్గర కూర్చుంటే పేరైనా అడగలేదు.

"ప్రార్థన చేద్దాం" అంది చివరికి. పిల్లలు కళ్ళు మూసుకున్నారు. దీవెన మూసుకోలేదు, ఆమెనే చూస్తూ కూర్చుంది.

నవంబరులో జార్ఖండ్ నుంచే మరో జంట మందిరానికి వచ్చింది, ఐదేళ్ళ కూతురితో. ప్రేమలత ఎదురెళ్ళి కూర్చోబెట్టింది. ఈసారి తప్పు జరగకూడదనుకుని నోటు పుస్తకం తెరిచింది. పేరు, ఇంటిపేరు, ఊరు, జిల్లా, కంపెనీ, కాంట్రాక్టరు పేరు, ఒకదాని వెంట ఒకటి అడిగింది. అతను మొదటి రెండింటికీ జవాబు చెప్పి ఆగిపోయాడు. భార్య పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"యే సబ్ క్యోం లిఖ్ రహీ హో, దీదీ?" ఇవన్నీ ఎందుకు రాసుకుంటున్నావని.

ప్రేమలత వచ్చీరాని హిందీలో ఫూల్మని సంగతి చెప్పబోయింది. ఆమెకు దొరికిన మాటలు రెండే. "బచ్చీ... ఖో గయీ." పిల్ల తప్పిపోయింది అని.

ఆ తల్లి మొహం పాలిపోయింది. ఆరాధనంతా గుమ్మం పక్కనే కూర్చుని, పాస్టరు చివరి ఆశీర్వాదం చెప్పకముందే ముగ్గురూ లేచి వెళ్ళిపోయారు. మరుసటి ఆదివారం రాలేదు.

ప్రేమలత సోమవారం షిఫ్టుకు ముందు వాళ్ళ గది వెతుక్కుంటూ వెళ్ళింది. తలుపుకు తాళం లేదు, లోపల గడియ వేసి ఉంది. రెండుసార్లు కొట్టింది. లోపల పిల్ల దగ్గింది. తల్లి కాబోలు, ఆ దగ్గును అరచేత్తో అదిమినట్టుంది. తలుపు తెరుచుకోలేదు. షిఫ్టుకు వేళవుతుంటే ప్రేమలత ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.