బ్లాగుకి బొట్టు పెట్టి పిలుపు

బ్లాగు పెట్టడం పది నిమిషాల పని. పెట్టించుకునే మనిషి మా పేరమ్మ పెద్దమ్మ అయితే మాత్రం, పది నిమిషాల్లో ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చోవడం కూడా అవదు.

బెజవాడ గవర్నర్‌పేటలో నాకో నెట్ సెంటర్ ఉండేది. 2007లో తెలుగువాళ్ళకి బ్లాగుల పిచ్చి పట్టింది. నాకు అందరికంటే ముందే పట్టింది కాబట్టి, "బ్లాగులు పెట్టి ఇవ్వబడును" అని బయట బోర్డు కూడా కట్టించాను. ఇంజనీరింగ్ పిల్లలు రిజల్ట్స్ కోసం గోళ్ళు కొరుక్కుంటున్న ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది.

"పద్మా, ఆ బ్లాగేదో నాకూ ఒకటి పెట్టవే."

"నీకెందుకు పెద్దమ్మా?"

"చేపల వంటలు రాస్తాను."

"ఎవరు చదవాలని?"

పెద్దమ్మ పక్క క్యాబిన్ వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ అమ్మ. రోజూ అన్నం తిన్నాక అవే చదువుతోందటగా! నువ్వు మాత్రం చెప్పకూడదు. తనంతట తనే చూడాలి."

మా అమ్మ కనకదుర్గ, పెద్దమ్మకి సొంత చెల్లెలు. కైకలూరు దగ్గర చేపల వ్యాపారం చేసిన ఇంట్లో ఒకే కంచంలో తిని పెరిగారు. పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరూ బెజవాడే వచ్చారు. పెద్దమ్మది కృష్ణలంక, మాది గుణదల. ఆటో ఎక్కితే అయిపోయే దూరం. అయినా నాలుగేళ్ళుగా మాటల్లేవు. పెద్దమ్మ తన కూతురి పెళ్ళికి ఊరంతా తిరిగి బొట్టు పెట్టి పిలిచింది, మా అమ్మకి మాత్రం ఫోన్ చేసి "రేపు పెందలాడే వచ్చెయ్యవే, వంటవాళ్ళని చూసుకోవాలి" అంది. సొంత చెల్లెల్ని పిలిచేదేమిటి, తను ఇంట్లో మనిషేగా అని ఆవిడ లెక్క. సొంత చెల్లెలికే మొదటి బొట్టు పెట్టాలి గదా అని ఈవిడ లెక్క. పెళ్ళినాడు అమ్మ పట్టుచీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని, సాయంత్రం దాకా మా ఇంట్లోనే కూర్చుంది.

"ఇప్పుడు వెళ్ళి బొట్టు పెట్టి పిలవచ్చుగా?" అన్నాను.

"దేనికని పిలవనే? ఇంట్లో పెళ్ళా, పేరంటమా? ఊరికే కుంకంభరిణె పట్టుకెళ్తే, ఇప్పుడు గుర్తొచ్చానా అని తలుపేస్తుంది. దాని సంగతి నాకు తెలీదూ?"

తెలుసు. నాకూ తెలుసు. అందుకే మొదలుపెట్టాం.

ముందు పేరు. పెద్దమ్మ ఆలోచించుకునే వచ్చింది. "'దుర్గమ్మా, ఒక్కసారి రా తల్లీ' అని పెట్టు."

"బెజవాడలో ఉండి ఆ పేరు పెడితే కొండమీది అమ్మవారనుకుంటారు పెద్దమ్మా! భక్తులొచ్చి, కింద కొరమీను పులుసు చూసి, నిన్నూ నన్నూ కలిపి తిడతారు. లోపల ఏముందో పేరు చూడగానే తెలియాలి."

"అయితే 'పేరమ్మ పులుసు' అను, పీడా పోతుంది," అంది. నిక్షేపంలాంటి పేరు.

తర్వాత అలంకారం. నల్లటి తెర మీద పసుపు అక్షరాలు, మూలన మిణుకుమిణుకుమనే దీపం, తెరవగానే సన్నాయి మోగాలి. ఇవీ ఆవిడ కోరికలు. ఇదేమన్నా పెళ్ళిపందిరా అని అన్నీ పీకేశాను. తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరాలు, పైన ఒక ఫొటో, అంతే. పెద్దమ్మ మొహం మాడ్చుకుంది. "మరీ బోసిగా ఉందే," అంది. చదవడానికి వచ్చినవాళ్ళకి కళ్ళు పోకూడదు కదా అన్నాను.

బ్లాగులో రాసే ఒక్కో ముక్కనీ అప్పట్లో టపా అనేవాళ్ళం. మొదటి టపా పెద్దమ్మ కాగితం మీద రాసి తెచ్చింది. వాళ్ళ ముత్తాత కొల్లేటికి ఎప్పుడు వచ్చాడో అక్కణ్ణుంచి మొదలైంది. నాలుగు పేజీలు తిరగేసినా చేప నీళ్ళలోంచి బయటికి రాలేదు.

"ముత్తాతని ఇంకో రోజుకి దాచుకో పెద్దమ్మా. ఒక టపాకి ఒకటే వంట. ఇంతకీ ఉప్పు ఎంత?"

"తగినంత."

"ఎంత తగినంత?"

"కూరకి తగినంతే!"

"చింతపండు?"

"సరిపడా."

నేను జుట్టు పీక్కున్నాను. నీకు చెయ్యి చెబుతుంది గానీ, చదివేవాళ్ళకి చెంచాలు, గిన్నెలు చెప్పాలి అని మొత్తుకున్నాను. మర్నాడు ఆవిడ వంటింట్లోంచి గిన్నె, చెంచా, చింతపండు పొట్లం పట్టుకుని నెట్ సెంటర్‌కే వచ్చేసింది. ఇంజనీరింగ్ పిల్లలు రిజల్ట్స్ మానేసి చింతపండు కొలత చూశారు.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి నేర్పాను. ఒంటి వేలితో, మెట్ట చేనులో కోడి గింజలు ఏరినట్టు కొట్టేది. ప్రతి శుక్రవారం ఒక టపా, తప్పకూడదు అన్నాను. తప్పలేదు. తెలుగు బ్లాగులన్నీ ఒక్కచోట చూపించే సైటులో పేరు చేర్పించాను. చదివింది నేనూ, పెదనాన్న కాశీరావుగారూ. ఆయన మా కింది షాపులో టీ తాగుతూ, నాచేత పైనుంచి గట్టిగా చదివించుకునేవారు. అమ్మ చూసినట్టు మాత్రం లేదు.

పెద్దమ్మ డీలాపడింది. "అది చూడదే. ఇక చూడదు."

"ఊరికే రాసి కూర్చుంటే ఎవరొస్తారు పెద్దమ్మా? నువ్వు నాలుగు బ్లాగులకి వెళ్ళు. నాలుగు మాటలు రాసిరా. వాళ్ళూ నీ దగ్గరికి వస్తారు," అన్నాను.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!" అని నన్నే కసిరింది.

నేను మైలవరంలో స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళి రెండు రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి కొంప మునిగింది. తెలుగు బ్లాగులోకంలో ఏ గుమ్మం చూసినా మా పెద్దమ్మ వ్యాఖ్యే. కవిత్వం కింద, రాజకీయం కింద, కంప్యూటర్లో వైరస్ తీసెయ్యడం ఎలా అన్నదాని కింద:

"అమ్మాయిగారికి, అబ్బాయిగారికి పేరమ్మ బొట్టు పెట్టి పిలుచునది. మా బ్లాగునకు మీరు సకుటుంబంగా విచ్చేసి, పులుసు చూసి వెళ్ళవలెను. తప్పకుండా రావాలండీ. రాకపోతే ఊరుకోను."

కొందరు నవ్వారు. కొందరు ఇదేం ప్రచారమండీ, పరువు తీసుకోకండి అని రాశారు. గుంటూరాయన ఒకాయన తన తండ్రి పోయాడని రాసుకున్న టపా కింద కూడా ఆవిడ బొట్టు పెట్టి వచ్చింది!

"చదవకుండా పెట్టేస్తావా? చావింటికి బొట్టు పట్టుకెళ్తారా ఎవరైనా?" అని నేను గయ్యిమన్నాను.

పెద్దమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అయ్యో! శివశివా! అన్నీ ఒకేలా ఉన్నాయే, కింద రాసే చోటు తప్ప నేనేదీ చూడలేదే!" అప్పటికప్పుడు కూర్చుని, ఆయనకి ఒంటి వేలితో ఇంత పెద్ద క్షమాపణ రాసింది. ఆయన మంచివాడు. నాన్నకి మీరు రాసిన పులుసంటే ప్రాణం అమ్మా, ఏమీ అనుకోను అన్నాడు.

"అసలు ఇంతమందిని ఎందుకు పిలిచావు పెద్దమ్మా? నాలుగు మాటలు రాయమంటే శుభలేఖలు పంచుతావా?"

"ఒకసారి ఫోన్ చేసి పిలిచి చెల్లెల్ని పోగొట్టుకున్నానే," అంది పెద్దమ్మ. "మళ్ళీ ఆ తప్పు చేస్తానా?"

నేను ఇంకేం తిట్టను!

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది, మొహం కందగడ్డలా పెట్టుకుని. ఏ బ్లాగు తెరిచినా అక్క పిలుపు కనిపిస్తుంటే ఆవిడ మాత్రం ఎటు తప్పించుకుంటుంది?

"చూశావా మీ పెద్దమ్మ వేషాలు? మొహం తెలియనివాళ్ళకి, మీసాలొచ్చిన మగాళ్ళకి బొట్టు! నాకు ఫోను!"

"నువ్వు ఆ బ్లాగు చదివావా అమ్మా?"

"నాకేం ఖర్మ!" అంది. వెనక తెర మీద 'పేరమ్మ పులుసు' అడుగు దాకా తెరిచే ఉంది.

మర్నాడు కొరమీను పులుసు టపా కింద ఒక వ్యాఖ్య వచ్చింది. రాసినవాళ్ళ పేరు లేదు, 'అజ్ఞాత' అని ఉంది.

"పులుసులో అల్లం వేయమని ఎవరు చెప్పారండీ మీకు? మన అమ్మ వెల్లుల్లి ఒక్కటే వేసేది. తెలిసీ తెలియకుండా రాయకండి."

నేను ఘాటుగా ఉందే అనుకుని ఊరుకున్నాను. పెద్దమ్మ తెరకి మొహం ఆనించి చదివింది. మళ్ళీ చదివింది. ఒక మాట మీద వేలు పెట్టింది.

"మన అమ్మ అని రాసిందే," అంది. "'మా అమ్మ' అని రాయలేదు. మన అమ్మంట." తర్వాత పైట చెంగు కళ్ళకి అద్దుకుంటూ ఉండిపోయింది. క్యాబిన్‌లో కుర్రాడొకడు హెడ్‌ఫోన్స్ తీసి, ఆంటీకి మంచినీళ్ళు తెమ్మంటారా అని అడిగాడు.

"వ్యాఖ్య రాసినవాళ్ళకి మర్యాదగా జవాబివ్వాలి పెద్దమ్మా," అన్నాను. "'అవునండీ, పొరపాటయింది, మా ఇంటికి రండి' అని రాయి."

"నీకు బ్లాగులు తెలుసు గానీ, మీ అమ్మ తెలీదు. నేను తప్పొప్పుకుంటే సంతోషించి పడుకుంటుంది," అని పెద్దమ్మ ముక్కు చీదుకుంది. "శుక్రవారం దాకా ఆగు."

శుక్రవారం టపా పేరు: "కొరమీను పులుసు, కొత్త పద్ధతి". అల్లం రెట్టింపు. అరగ్లాసు కొబ్బరిపాలు. జీడిపప్పు ముద్ద. దించే ముందు రెండు చెంచాల పంచదార. గరిటతో బాగా తిప్పి తిప్పి కలపాలి. చివర్లో, "మా అమ్మ నాకు నేర్పిన విధంగా" అని ఒక వాక్యం.

కొలతలన్నీ చక్కగా రాసింది. మొదటిసారి నేను దిద్దాల్సిన పని లేకపోయింది. "పెద్దమ్మా, ఇది తింటే మనుషులు పోతారు," అన్నాను. "పోస్టు చెయ్యవే," అంది.

మా అమ్మ మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంది. వంటింట్లో ఉన్న నాకు కేక వినబడింది.

"పంచదారా! కొరమీనుని పాయసం చేసింది! పైగా అమ్మ నేర్పిందట! పోయిన మనిషి మీద ఎన్ని నిందలు!"

"వ్యాఖ్య రాయమ్మా," అన్నాను అమాయకంగా.

"వ్యాఖ్యా? గరిట పెట్టి తిప్పమంటోందే! గరిట పెడితే ముక్క చెదిరిపోదూ? పద, ఆటో పిలువు!"

కృష్ణలంకలో దిగాక అమ్మ వీధి గుమ్మం ముందు ఆగింది. కాలు ముందుకి పడలేదు. నాలుగేళ్ళ పంతం కదా. వెనక్కి తిరిగి పోతుందేమోనని భయపడ్డాను. అమ్మ అటూ ఇటూ చూసి, పక్క సందులోకి తిరిగి, పెరటి తలుపు తోసుకుని తిన్నగా వంటింట్లోకి నడిచింది.

పొయ్యి మీద దాకలో పులుసు ఉడుకుతోంది. పెద్దమ్మ గుడ్డతో దాక అంచులు పట్టుకుని మెల్లగా తిప్పుతోంది. గరిట ఎక్కడా లేదు. అమ్మ పలకరించలేదు. వంగి వాసన చూసింది, చేతిలో చుక్క వేసుకుని నాలిక్కి రాసుకుంది.

"ఇందులో అల్లం లేదే."

"లేదు."

"పంచదార?"

"పులుసులో పంచదారేమిటే, బుద్ధుందా?"

"మరి అలా రాశావెందుకు?"

"సరిగ్గా రాస్తే వచ్చేదానివా?"

అమ్మకి నవ్వొచ్చినంత పనయింది. కానీ మా అమ్మ అంత తొందరగా లొంగే మనిషా! నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నేనేం రాలేదు. పిలవని ఇంటికి నేను రాను. పెరటి దారిన వస్తే వచ్చినట్టు కాదు."

పెద్దమ్మ దాక దించింది. పీట వాల్చింది. చెల్లెలి వైపు చూడకుండానే కంచంలో అన్నం పెట్టడం మొదలుపెట్టింది.

"సరే, రాలేదులే. కాళ్ళు కడుక్కునిరా, చల్లారిపోతుంది."