వలాత ఆచారం

సాయంత్రం ముహూర్తం పెట్టడానికి అయ్యవారు వస్తాడని జయమ్మాళ్ పొద్దుటినుంచీ మంచం మీదనుంచే ఇల్లంతా ఆడిస్తోంది. ఎడమచెయ్యీ కాలూ పడిపోయినా ఆమె గొంతు కోసపాళయం వీధి మొదటిదాకా వినిపిస్తుంది. పెళ్ళికొడుకు ఆమె కొడుకు గురు. పెళ్ళికూతురు ఆమె కూతురు మహాలక్ష్మి బిడ్డ నందిత. మేనమామకు ముప్పై ఎనిమిది, మేనకోడలికి ఇరవై మూడు. వాళ్ళ బంధువుల్లో ఇది ఎవరికీ వింత కాదు.

గురుకు మురుంగపాక్కంలో మరగతం అనే ఆమె ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. మొగుడు పోయాక తమ్ముడి నీడన బతుకుతున్న మహాలక్ష్మి అసలే ఎత్తదు.

నందితకు హైదరాబాదులో పరిశోధనకు సీటొచ్చింది. సోమవారం చేరాలి. పెళ్ళయితే అది పోయినట్టే. "అమ్మా, నువ్వు మాట్లాడకపోతే పోనీ. నేనే మామతో చెప్తా" అంది వంటింట్లో. మహాలక్ష్మి కొబ్బరి తురుముతూ తలూపింది. లోపల ఆశ లేకపోలేదు.

మధ్యాహ్నం గురు పెయింటు కొట్టు మూసి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. నందిత ఎదురుగా నేలమీద కూలబడింది.

"మామా, నేను పుస్తకాల్లో చదువుతుండే ఊరి కత చెప్తా, వింటావా?"

"ఆ ఇసక ఊరా? చెప్పు పాపా."

"వలాత. సహారా ఎడారికి దక్షిణం తట్టు అంచు. ఆరేడు వందల ఏండ్ల కింద ఒంటెలమీద ఉప్పుబిళ్ళలు ఆడికే వచ్చేవి, ఆడినుంచి బంగారం పోయేది. ఒక మొరాకో యాత్రికుడు వచ్చి చూసి రాసిపెట్టినాడు."

"ఉప్పుకు బంగారమా? మన మరక్కాణం ఉప్పు ఆడ అమ్మింటే నేను రాజునే!" గురు నవ్వాడు.

"ఆడ ఇండ్లగోడలకి ఆడోళ్ళే రంగులేస్తారు. ఎర్రమన్ను, తెల్లసున్నం, వేళ్ళతోనే."

"వానొస్తే పోదా? గోడకు అంటుకోడానికి ఏం కలుపుతారు?"

"జిగురు. వాన యాడుంది మామా ఆడ!"

అతను అన్నం కలుపుకుంటూ ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. తమ్ముడు ఇంత శ్రద్ధగా ఎవరి మాటా వినగా మహాలక్ష్మి చూడలేదు. రసం గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

నందిత గొంతు తగ్గించింది. "ఆడ ఒక ఆచారం ఉండేది. మామ ఆస్తి మామ కొడుకులకి పోదు. అక్కచెల్లెండ్ల కొడుకులకే. దానికి పెండ్లి అక్కర్లేదు. అక్క కడుపున పుట్టింటే చాలు."

అయినా హాల్లోకి వినబడనే వినబడింది. జయమ్మాళ్ అరిచింది. "ఏమే, నువ్వు కొడుకువా? ఏందో తురకల ఊరి కత చెప్పి ఇల్లు కొట్టేద్దామనా?"

"ఇల్లు ఎవరడిగినారు అవ్వా? మామను మామగానే ఉండనీమంటున్నా. చిన్నప్పుడు ఎత్తుకొని తిప్పిన మనిషికి నేనెట్ల పెండ్లాంగా ఉండేది?"

గురు చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. కోపమొస్తుందనుకుంది మహాలక్ష్మి. రాలేదు. అతని మొహం మెల్లగా తేలికపడింది.

"నాకు మాత్రం ఇష్టమా పాపా? అమ్మ ప్రాణం మీద ఒట్టేయించుకునింది. ఈ ఇంట్లోకి ఇంకో ఆడది రాకూడదు, ఇల్లు బయటికి పోకూడదు అని." నీళ్ళు తాగాడు. "నీ ఊరి ఆచారం బాగుండాది. ఇల్లు నీ పేర రాసేస్తా. అప్పుడు బయటికి పోదుగదా. నేను మురుంగపాక్కం పోయి ఉంటా."

నందిత కళ్ళు మెరిశాయి. "నిజంగానా మామా?"

"నిజంగానే. కొట్టు నాకు, ఇల్లు నీకు. అవ్వను మీరిద్దరూ చూసుకోండి."

"నేను సోమవారం హైదరాబాదు పోవాలిగదా."

"ఇంటిని వదిలి యాడికి పోతావు? ఆ వలాతలో ఎవరు ఊర్లు తిరిగేది, ఎవరు ఇంట్లో ఉండేది?"

నందితకు అబద్ధం చెప్పడం రాదు. చదివినదాని విషయంలో అసలే రాదు. "మగోళ్ళు ఒంటెలతో పోయేవాళ్ళు. ఆడోళ్ళు మొగుడి వెంట కూడా ఊరు దాటేది లేదు." ఒక్క క్షణం ఆగింది. "పోతామన్నా పుట్టింటోళ్ళు పోనిచ్చేవాళ్ళు కాదని ఆ యాత్రికుడు రాసినాడు."

"అంతే మరి," అన్నాడు గురు. ఆ గొంతులో ఎగతాళి లేదు. లెక్క తేలినవాడి నెమ్మది ఉంది. ఆకు మడిచి లేచాడు.

నందిత తల్లివైపు చూసింది. మహాలక్ష్మికి ఆ చూపు అర్థమయింది. నువ్వు పో, అవ్వను నేను చూసుకుంటానంటే సరిపోతుంది. తమ్ముడు కాదనడు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఆ బరువైన శరీరాన్ని ఒంటరిగా కడగడం, ఆ తిట్లు ఒంటరిగా వినడం, సాయంత్రాలు ఆ హాల్లో తామిద్దరే మిగలడం ఆమెకు కనబడ్డాయి. తమ్ముడూ ఉండడు, కూతురూ ఉండదు.

రసం గిన్నె కింద పెట్టింది.

"అయ్యవారికి ఫోన్ చేసి రావద్దని చెప్పు గురూ," అంది. హైదరాబాదు మాట ఎత్తలేదు.

నందిత ఇంకా చూస్తూనే ఉంది. మహాలక్ష్మి ఎంగిలి తుడవడానికి వంగింది.

"నన్ను పక్కకు తిప్పండే, వీపు మండుతుండాది!" హాల్లోంచి జయమ్మాళ్ కేకేసింది.

మహాలక్ష్మి పోయి ముసలామెను తలవైపు పట్టుకుంది. కాసేపటికి నందిత వచ్చి కాళ్ళవైపు నిలబడింది. తల్లి మొహంలోకి చూడలేదు.