నాలుగు వెంట్రుకల మందం

పిన్ని చెయ్యి విరిగినప్పుడు పది రోజుల సాయానికని బాబాయి వాళ్ళింటికి వచ్చాను. ఆరేళ్ళయింది. పిన్ని చెయ్యి నలభై రోజుల్లో అతుక్కుంది. నేనే ఊడి రాలేకపోయాను.

బాబాయిది పాత బిఎండబ్ల్యు కార్ల షెడ్డు. ఇరవై, ముప్పై ఏళ్ళ కిందటి బళ్ళు తప్ప ఆయన ముట్టుకోడు. షెడ్డు ముందు, ఇల్లు వెనక. ఇంట్లోంచి వీధిలోకి రావాలంటే షెడ్డులోంచే రావాలి. రెంటికీ మధ్య ఒక చిన్న గది. అందులో ఒక కంప్యూటరు, ఒక ఫోను, గోడ పొడవునా అట్టపెట్టెలు, వాటి మధ్య నేను. గదికి కిటికీ ఉంది కానీ అది కూడా షెడ్డులోకే తెరుచుకుంటుంది.

సామాను తెప్పించడం నా పని. ఈ కార్లలో ప్రతి ముక్కకీ పదకొండు అంకెల నంబరు ఉంటుంది. మొదటి నాలుగూ అది ఏ భాగంలోదో చెబుతాయి, మిగిలిన ఏడూ అది ఏ ముక్కో చెబుతాయి. బండి పేరూ సంవత్సరమూ చెప్పి అడిగితే కుదరదు. ఆగస్టులో తయారైన బండికి పట్టేది సెప్టెంబరు బండికి పట్టకపోవచ్చు. ఛాసిస్ నంబరు చివరి ఏడంకెలు కొట్టి, తయారైన నెల చూసుకుని అప్పుడు అడగాలి. పొరపాటు ముక్క వచ్చిందంటే, అది వెనక్కి వెళ్ళి సరైనది వచ్చేదాకా బండి మూడు వారాలు నోరు తెరుచుకుని షెడ్డులో పడి ఉంటుంది.

నేను వచ్చిన రెండో ఏడు నుంచి పొరపాటు ముక్క రాలేదు. అదే నా కొంప ముంచింది.

"మా అమ్మడు నిద్రలో లేపి అడిగినా నంబరు చెబుతుంది," అని బాబాయి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేవాడు. నిజంగానే ఒకసారి నిద్రలో లేపి అడిగాడు. చెప్పాను.

ఎక్స్‌రే తీయడం నేర్పే రెండేళ్ళ కోర్సులో నాకు సీటు రావడం ఇది మూడోసారి. వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రి, హాస్టలు కూడా వాళ్ళదే. మొదటిసారి బాబాయి, "ఈ తెల్ల బండి ఒక్కటీ బయటికి వెళ్ళనీ తల్లీ," అన్నాడు. రెండోసారి, "మీ వదిన పురిటికి వెళ్ళింది, వచ్చాక చూద్దాం," అన్నాడు. ఈసారి చేరకపోతే ఇక దరఖాస్తు తీసుకోమని ఉత్తరంలోనే రాశారు. రెండు వారాలు పోయాక వచ్చే సోమవారం పదింటికి అక్కడ ఉండాలి. అంటే ఆదివారం పొద్దున్న బస్సు ఎక్కాలి.

భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను.

"వెళ్ళు. నేను కాదన్నానా? ఏనాడైనా కాదన్నానా?" అన్నాడు బాబాయి.

అనలేదు. అని ఉంటే ఎదురు చెప్పి ఉండేదాన్ని.

"ఒక్క మాట మాత్రం. డ్రాయింగ్ మాస్టారి బండికి సామానంతా కోడలు పిల్ల ఒక్కతే తెప్పించాలి. నువ్వు నోరు మెదపకూడదు. అన్నీ సరిగ్గా వచ్చాయా, నీ దారి నీది. రాలేదా, ఇంకొక్క ఏడాది ఉండి దానికి పూర్తిగా నేర్పి వెళ్దువుగాని."

"నా మీద పందెమా? నేనేమన్నా పందెం గుర్రాన్నా మావయ్యా?" అంది వదిన.

"గుర్రమైతే ఈపాటికి నేర్చుకునేది," అంది పిన్ని.

"మీ ఇంట్లో గడ్డి తిని కూడా నేర్చుకోలేదంటే గుర్రం తప్పు కాదత్తయ్యా."

బాబాయి నవ్వాడు. నేను సరేనన్నాను. వదిన మీద నాకు నమ్మకం ఉంది. తొందర మనిషే కానీ తెలివైనది. పైగా వదిన కోసం ఏడాదిగా ఒక లావుపాటి పుస్తకం రాస్తున్నాను. ఒక్కో బండికి ఒక్కో పేజీ. ఛాసిస్ నంబరు, తయారైన నెల, ఎప్పుడు ఏ ముక్క కొన్నాం, ఏ కంపెనీది కొన్నాం, ఏది మూణ్ణాళ్ళకే పోయింది, అన్నీ అందులో ఉన్నాయి. నా బుర్రని విప్పి కాగితాల మీద ఆరబెట్టినట్టు రాశాను.

డ్రాయింగ్ మాస్టారిది ముదురాకుపచ్చ బండి. ఆయన గీత గీసినట్టు నిదానంగా నడుపుతాడు. ఈ పందెం వేసుకోవడానికి పది రోజుల ముందు రేడియేటరు గొట్టం చీలి నీళ్ళన్నీ కారిపోతే, వేడి ముల్లు పైకి లేవడం చూడకుండా ఇంటిదాకా నడిపేశాడు. ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య ఉండే పలచటి రేకు, గాస్కెట్, కాలిపోయింది. మా మెకానిక్ హెడ్ దింపి లేత్ షాపుకి పంపాడు. మెకానిక్‌ని అందరూ నత్తన్న అంటారు. చెయ్యి నిదానం, మాట కాదు. హెడ్ వంగలేదు, గీకక్కర్లేదు, కొత్త గాస్కెట్ వేస్తే చాలని లేత్ షాపువాళ్ళు చెప్పి వెనక్కి పంపారు.

వదిన పుస్తకం ముందు పెట్టుకుని, ఛాసిస్ నంబరు కొట్టి, రెండుసార్లు సరిచూసుకుని సామాను తెప్పించింది. నేను పక్కనే కూర్చుని, పెదవులు బిగబట్టుకుని పాత డబ్బాల మీద దుమ్ము తుడిచాను.

నేను బయల్దేరే ఆదివారానికి మూడు రోజులుందనగా, గురువారం పార్సిలు వచ్చింది. వదిన ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. గొట్టాలు, వాటర్ పంపు, థర్మోస్టాటు, హెడ్ బోల్టులు. అన్నీ సరైనవే. చివర గాస్కెట్. దాని చీటీ మీద చివరి అంకెలు చదివాను. ఆ నెలలో తయారైన బండికి పట్టేదే. తప్పేమీ లేదు.

అప్పుడు నా చూపు కిటికీ అవతల, బెంచీ మీద ఉన్న హెడ్ మీద పడింది. దాని మూల మీద సుత్తితో పొడిచిన ఒక చుక్క ఉంది.

ఐదేళ్ళ కిందట కూడా మాస్టారు ఇలాగే బండిని వేడెక్కించాడు. అప్పుడు హెడ్ వంగింది. లేత్ మీద గీకించి చదును చేయించారు. ఎప్పుడు గీకించినా బాబాయి హెడ్ మూల మీద ఒక చుక్క పొడుస్తాడు. గీకిన హెడ్‌కి మామూలు గాస్కెట్ వేయకూడదు. గీకినప్పుడు పోయిన మందం తిరిగి రావాలి కనుక సున్నా పాయింటు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ మందం ఉన్నది వేయాలి. నాలుగు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. అదీ దొరుకుతుంది, దాని నంబరు వేరు. పలచనిది వేస్తే బండి నడుస్తుంది. కానీ లోపల ఒత్తిడి పెరిగి, ఎండల్లో ఇంజన్ కొట్టుకోవడం మొదలై, కొన్నాళ్ళకి మళ్ళీ కాలుతుంది. ఆ తర్వాత ఆ ఇంజన్ పనికిరాదు.

పుస్తకం తెరిచి మాస్టారి పేజీ చూశాను. ఐదేళ్ళ కిందటి గాస్కెట్, మామూలు కొట్లో కొన్నది కాదు, లేత్ షాపతనే హెడ్‌తో పాటు ఇచ్చి పంపాడు. అందుకని అదీ లేదు. గీకించిన సంగతీ లేదు. నేను కొన్నవన్నీ రాశాను. గీకించడం కొనడం కాదు, ఉన్నదాంట్లోంచి కొంత తీసేయడం. తీసేసినదాన్ని రాయాలని నాకు తోచలేదు.

వదిన తప్పు కాదు. కానీ నేను నోరు విప్పితే పందెం పోయినట్టే, ఇంకో ఏడాది. విప్పకపోతే మాస్టారి ఇంజన్ పోయినట్టే.

ఆ సాయంత్రం మాస్టారు వచ్చి, ఎప్పటిలా స్టూలు లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. "ఆదివారం వెళ్తున్నావటగా తల్లీ. మంచిది. నేనెప్పుడన్నా కాలు విరగ్గొట్టుకుంటే నీ దగ్గరికే వస్తాను. బండి నీ చేతిమీదుగా బయటపడుతోంది కదా, నాకు నిశ్చింత."

"వదిన చేతిమీదుగా," అన్నాను. తుడిచిన డబ్బానే మళ్ళీ తుడిచాను.

రెండు రోజులు ఆ గదిలో గాలి ఆడలేదు. శనివారం హెడ్ ఎక్కిస్తారు. అంతకు ముందే చెప్పేయాలనుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం, చెబితే ఎలా ఉంటుందో చూద్దామని, ఎవరూ లేని గదిలో "బాబాయ్, ఆ గాస్కెట్ కాదు," అని పైకి అనుకుని చూశాను. అనగానే ఆ నాలుగు గోడలూ నా చుట్టూ సర్దుకుని కూర్చున్నట్టనిపించింది.

"బట్టలు సర్దుకోవా? బీరువా మీద సంచీ ఉంది, దింపుకో. పాత కాలెండర్లున్నాయి, వాటిని కదపకు, మీ బాబాయి కదపొద్దన్నాడు," అంది పిన్ని వంటింట్లోంచి.

స్టూలెక్కి సంచీ లాగాను. దానితో పాటు కాలెండర్లూ జారాయి. వాటి కింద పొడుగాటి పలచటి ప్యాకెట్టు, వంగకుండా అట్ట మీద పరిచి ఉంది. చీటీ చదివాను. మందం గాస్కెట్. మాస్టారి బండికి కావలసింది. తెప్పించింది బాబాయి, లేత్ షాపు చిరునామాకి. ఇరవై రోజుల కిందటి తేదీ. అంటే హెడ్ దింపిన మర్నాడే. భోజనాల దగ్గర పందెం పెట్టడానికి వారం ముందు.

స్టూలు మీద అలాగే నిలబడిపోయాను. మాస్టారి ఇంజన్‌కి ఏ ప్రమాదమూ లేదు. ఉన్నదంతా నాకే. వదినకి తెలియదని ఆయనకి తెలుసు. నేను చూసి ఊరుకోలేనని కూడా తెలుసు. నేను నోరు తెరవగానే, "చూశావా, నువ్వు లేకపోతే ఏమయ్యేదో," అని జాలిగా అంటాడు.

కాలెండర్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టి, సంచీ దింపుకున్నాను.

శనివారం పొద్దున్న గొలుసు పుల్లీకి హెడ్ వేలాడుతోంది. మాస్టారు స్టూలు మీద, పిన్ని టీ గ్లాసులతో గుమ్మంలో, నేను ఆమె వెనక. నత్తన్న బ్లాకు మీద గాస్కెట్ పరిచాడు.

"చిల్లులన్నీ చిల్లుల మీదే ఉన్నాయి!" అంది వదిన. ముఖం వెలిగిపోతోంది. మందమొక్కటే తేడా, మిగతాదంతా ఒకటే.

"అయితే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదన్నమాట," అన్నాడు బాబాయి. వదినతో అన్నాడు, నన్ను చూశాడు.

నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

"దించు," అన్నాడు. గొలుసు టకటకమంది. "ఆపు." మళ్ళీ నన్ను చూశాడు. "ఊఁ, దించు. ఆపాపు."

"దించాలా, ఆపాలా? ఇదేమన్నా ఊయలా?" అన్నాడు నత్తన్న.

"అన్నీ ఒకసారి చూసుకో అమ్మడూ."

"నేను నోరు మెదపకూడదుగా బాబాయ్."

హెడ్‌కీ బ్లాకుకీ మధ్య జానెడు ఖాళీ ఉండేది, బెత్తెడయింది, రెండు వేళ్ళయింది. ముప్పై ఏళ్ళుగా ఆ చేతులు తెలిసి తెలిసి తప్పు పని చేయలేదు. నాకున్న ధైర్యం అదొక్కటే. అయినా హెడ్ తాకిందంటే అరుద్దామనే అనుకున్నాను. అబద్ధం చెప్పను, నోరు సగం తెరిచాను కూడా.

"ఆపు!" అన్నాడు బాబాయి. ఈసారి గొంతు వేరుగా ఉంది. చేతులు గుడ్డకి తుడుచుకుని, ఎవరినీ చూడకుండా ఇంట్లోకి వెళ్ళాడు. ప్యాకెట్టుతో తిరిగొచ్చాడు.

"ఇది వెయ్యి."

"కాలెండర్ల కింద దాచింది ఇదా?" అంది పిన్ని.

వదిన ప్యాకెట్టు అందుకుని చీటీ చదివింది. తేదీ దగ్గర ఆగింది. హెడ్ మూలనున్న చుక్కని చూసింది. "ఈ చుక్క సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పలేదని మీకు తెలుసు. నన్ను బకరాని చేశారు మావయ్యా."

"పుస్తకంలో రాయలేదు వదినా. కొన్నవే రాశాను. ఆ తప్పు నాది," అన్నాను.

"అదే నేననేది!" బాబాయి నా వైపు తిరిగాడు. "అలాంటివి నీ బుర్రలోనే ఉంటాయి. నువ్వు వెళితే నీతో పోతాయి. అప్పుడు నేనేం చేయాలి?"

"నా బుర్రలోనే ఉంటే, ఈ గాస్కెట్ ఎవరు తెప్పించారు బాబాయ్?"

మాస్టారు స్టూలు మీద కదిలి, గొంతు సవరించుకుని, "నాకీ సంగతులు తెలియవు. నా బండికి ఏ గాస్కెట్ పడుతోంది?" అన్నాడు.

"మందంది," అన్నాడు బాబాయి. "మందందే వేస్తున్నాం మాస్టారూ." ఆ తర్వాత సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. వెళ్ళమనలేదు, వద్దనలేదు. వదిన పుస్తకం తెచ్చుకుని, ఒక కొత్త పేజీలో, చుక్క అంటే ఏమిటో నత్తన్ననడిగి రాసుకుంది.

ఆదివారం పొద్దున్న సంచీ భుజాన వేసుకుని షెడ్డులోకి వచ్చాను. పిన్ని గేటు దాకా వస్తానని చెప్పులు వెతుక్కుంటోంది. గదిలో ఫోను మోగింది. బాబాయి తీశాడు.

"నీలం బండా? వాటర్ పంపా? ఉండండి, నంబరు చెబుతాను." ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి కిటికీలోంచి చూశాడు. పక్కనే ఉన్న వదినని కాదు, నన్ను.

ఏడంకెలూ నా నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. నేను పిలవకుండానే వచ్చాయి.

"నువ్వు మాట్లాడావంటే ఊరుకోను," అంది వదిన, పేజీలు తిప్పుతూ. "అవతలవాళ్ళని ఆగమనండి మావయ్యా. కొంపలేం మునగవు."

పేజీలు చాలా నెమ్మదిగా తిరుగుతున్నాయి. నేను పెదవులు బిగించి గేటు తీశాను. వెనక వదిన అంకెలు చదవడం మొదలుపెట్టింది. మూడో అంకె దాకా విన్నాను, సరిగ్గానే ఉంది. నాలుగోది వినపడేలోపు వీధిలోకి వచ్చేశాను.