నోరు మూసుకున్న వారం

లోకేశ్వరి మేడంకు మాట్లాడటమంటే ఎంత ఇష్టమో, తిరుచానూరు నుంచి రోజూ ఆమెను తీసుకొచ్చే ఆటో అతన్ని అడిగినా చెబుతాడు. నర్సింగ్ కాలేజీలో చేరి ఏడాది కాలేదు, గంట పాఠాన్ని గంటన్నర లాగేది. పిల్లలు గంగిరెద్దుల్లా తలలూపేవాళ్లు. తీరా విరిగిన చేతికి కట్టు కట్టమంటే తలపాగా చుట్టేవాళ్లు. ప్రిన్సిపాల్ మునిరామయ్య ఆమెను పిలిచి, వచ్చే నెల తానే వచ్చి చూస్తానని, అప్పటికీ ఇంతే అయితే క్లాసు ఇంకొకరికిచ్చి ఆమెను ఆఫీసు పనిలో వేస్తానని చెప్పేశాడు. పాఠం చెప్పడం తప్ప మరో బతుకు ఊహించుకోలేని మనిషి, ఆ సాయంత్రం ఆటోలో ఇంటిదాకా కళ్లొత్తుకుంటూనే ఉంది.

ఏడుస్తూ కూర్చుంటే పనవుతుందా? కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారని ఎక్కడో చదివింది. మీది ఏ తీరు అని పిల్లలకు ప్రశ్నలు రాసిచ్చింది. క్లాసు క్లాసంతా వినే రకమేనని తేలింది! ఆమె సంతోషం చూడాలి. వినేవాళ్లు దొరికితే ఆమెకింకేం కావాలి? పాఠాలన్నీ రికార్డు చేసి ఫోన్లకు పంపింది. పుత్తూరు నుంచి వచ్చే రేష్మా అవి వింటూ బస్సులో హాయిగా నిద్రపోయి, దిగాల్సిన చోటు దాటిపోయింది.

ప్రిన్సిపాల్ రావడానికి వారం ఉందనగా కట్లు కట్టించి చూస్తే మళ్లీ తలపాగాలే. అందులోనూ అందరిదీ ఒకటే తప్పు. చేతిని మెడ నుంచి వేలాడదీసే గుడ్డకు మెడ పక్కన ఉండాల్సిన ముడి తెచ్చి సరిగ్గా వెన్నెముక మీద వేశారు. ఇదెక్కడి వింత అని ఆమె నిలదీసింది.

"అందురం నందితను చూసి కట్టినాం మేడం," అంది రేష్మా నేల చూస్తూ. "ఆ ప్రశ్నలక్కూడా ఆ పాపను చూసే టిక్కులు పెట్టినాం."

తప్పొప్పులు లేని ప్రశ్నలకు కాపీ కొట్టడమేమిటని మేడం నోరు తెరిచింది. ఎందుకైనా మంచిదని కొట్టారట. పోనీ, క్లాసు ఫస్టు నందిత అయినా వినే రకమే కదా అని ఆమె వైపు ఆశగా చూసింది.

"నాకు చేస్తేనే వస్తాది మేడం," అంది నందిత. "మీకు మాట్లాడేదంటే ఇష్టం కదా, బాధపడతారని అట్ల పెట్టినా."

మేడంకు తల కొట్టేసినట్టయింది. కోపం రావాల్సింది, ఆ పిల్ల మీద ప్రేమ ముంచుకొచ్చింది.

మర్నాడు బెంచీలు ఎదురెదురుగా వేయించింది. మాట లేకుండా ఒకసారి కట్టి చూపించి, ఇక మీ ఇష్టమొచ్చినట్టు కాపీ కొట్టుకోండని కుర్చీలో కూర్చుంది. గోపీ అనే కుర్రాడు ముడి తప్పు వేస్తుంటే ఆమెకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్లు తాగి మింగేసింది. ఆ తప్పేదో రేష్మాయే పట్టుకుని, వాడి చేత విప్పించి మళ్లీ కట్టించింది. ఆ వారమంతా క్లాసు సంతలా ఉంది.

మునిరామయ్య వచ్చి తన చెయ్యే చాపాడు. రేష్మా చకచకా కట్టింది. వంక పెడదామని ఎంత వెతికినా ఆయనకు దొరకలేదు. ఎవరు నేర్పారంటే రేష్మా నందితను చూపించింది. నందిత గోపీని, గోపీ మళ్లీ రేష్మాను చూపించారు.

"మరి నువ్వేం చేసినావమ్మా?" అన్నాడాయన.

"నోరు మూసుకోని కూసున్నా సార్. పుట్టి బుద్ధెరిగినాక అంత కష్టమైన పని చెయ్యలేదు."

ఆయన పగలబడి నవ్వి, క్లాసు నీదేలేమ్మా అన్నాడు. అంతే, మేడం దాచుకున్న వారం రోజుల మాటలన్నీ గట్టు తెంచుకున్నాయి. చెయ్యి కట్టులో ఉన్న ప్రిన్సిపాల్ గంట కొట్టేదాకా వింటూ నిలబడ్డాడు.