రెండో రిమోట్

నేను ఒక వీడియో గేమ్ క్యాసెట్‌ను. ఏ దేశపు ఫ్యాక్టరీలో పుట్టానో నాకు తెలియదు. నా ఒంటిమీది అక్షరాలు తెనాలిలో ఎవరికీ చదవరాలేదు. నోటితో ఊది పెడితే తప్ప పలకననే పేరు మాత్రం తెచ్చుకున్నాను.

నా కథ చిన్నది. లాంతరు పట్టుకుని ఒక మనిషి చీకటి గుహల్లో నడుస్తాడు. మాట్లాడడు. దూకితే 'హుప్' అంటాడు, గోతిలో పడితే చస్తాడు, మళ్ళీ మొదటి గుహలో లేస్తాడు. చివరి గుహలో పెద్ద గబ్బిలం రాళ్ళు రువ్వుతుంది. దాన్ని ఓడిస్తే ఆట అయిపోయినట్టే. ఆడేది ఒక్కరే.

నాన్న చేత నన్ను కొనిపించుకున్నది ప్రసూన. ఆమె చెల్లెలు వినీల అప్పటికి పలకాబలపం పిల్ల. నాకూ కావాలని ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే ప్రసూన రెండో రిమోట్ చేతిలో పెట్టి, "నేను నడిపిస్తా, లాంతరు ఆరిపోకుండా నువ్వు చూసుకో" అంది. ఆ రిమోట్ వైరు దేనికీ తగిలించి లేదు. వినీల మాత్రం బొటనవేళ్ళు ఎర్రబడేలా మీటలు నొక్కేది. లాంతరు ఎన్నడూ ఆరలేదు. ఆరడమన్నది నాలో లేనే లేదు మరి. మనుషులు ఇంత హాయిగా మోసపోగలరా అని నాకు ముచ్చటేసేది.

వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, నేను ప్రసూన అత్తవారింటి అటకెక్కాను. ఇన్నేళ్ళకు నా కథతో కార్టూన్ సీరియల్ వచ్చింది, అదీ తెలుగులో. కింద టీవీ మాటలన్నీ నాకు వినిపిస్తూనే ఉండేవి. మా మూగవాడు అందులో నిద్రలేచింది మొదలు వసపిట్టలా వాగుతాడు. గోతిలో పడ్డా చావడు. గబ్బిలమేమో మొదటి వారమే వాడికి స్నేహితురాలైపోయింది. పైగా వాడికో చెల్లెలట, అన్న నడుస్తుంటే లాంతరు ఆరకుండా చేతులు అడ్డం పెట్టడం ఆ పిల్ల పనట. మేనమామ దగ్గరా పుట్టింటి సంగతులు? నాకు ఒళ్ళు మండిపోయింది.

సెలవులకు తల్లితో కలిసి వచ్చిన వినీల కూతురు లిఖిత ఒకనాడు అడిగింది. "గేమ్‌లో చెల్లెలు లేదంట కదా పెద్దమ్మా?"

"ఎందుకు లేదు? ఆ చెల్లెల్ని నేనేగా ఆడింది" అంది వినీల.

"అయితే ఆడి చూపించు."

ప్రసూన ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. చెల్లెలు ఇన్నాళ్ళు దాచుకున్న సంబరం తన చేతుల మీదుగానే పోతుందని ఆమె భయం. "ఎప్పుడో పాడైపోయుంటదిలే" అని తప్పించుకోబోయింది కానీ, లిఖిత అటక మీంచి దింపి ఒక్కసారి ఊదగానే నేను పలికాను, పాపం.

వినీల నేలమీద బాసింపట్టు వేసుకుని రెండో రిమోట్ అందుకుంది. వైరు తగిలించబోయిన కూతురి చెయ్యి పట్టుకుని ఆపింది.

"దాన్ని అట్టాగే ఉండనీవే. దీనికి వైరు అక్కర్లా."

ప్రసూన తెల్లబోయి చూసింది. "నీకు తెలుసా?"

"అప్పుడే చూశానక్కా. చెబితే పక్కన కూర్చోనివ్వవని చెప్పలా."

ప్రసూన కొంగుతో కళ్ళు ఒత్తుకుని మొదటి రిమోట్ తీసుకుంది. మావాడు హుప్ అని దూకాడు. వినీల బొటనవేళ్ళు పనిలో పడ్డాయి. మోసపోయింది నేనేనని అప్పటికి గాని నాకు తెలియలేదు.

ఇప్పుడు నన్ను అటక ఎక్కించడం లేదు, టీవీ పక్క అరలోనే ఉంటున్నాను. సీరియల్ వస్తే నేనూ చూస్తాను. చేతులు అడ్డం పెట్టుకుని ఆ చెల్లెలు తెరమీదికి రాగానే, ఈ పిల్లను నేనెరుగుదును కదా అనుకుంటాను.