తొందరపడ్డ సాక్ష్యం

మా అమ్మ రెబ్కా ఆ ఆదివారం మైకు పట్టుకోకుండా ఉండి ఉంటే, నా కాలు ఈపాటికి ఒక దారికొచ్చేది.

ఆరాధన అయ్యాక పాస్టరు జక్రయ్య గారు, "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే రండమ్మా" అన్నారు. దేవుడు మేలు చేస్తే నలుగురిలో లేచి చెప్పడం మా మందిరంలో ఆనవాయితీ. గేదె ఈనినా, అల్లుడు తాగుడు మానినా లేచేవాళ్ళకు కొదవ లేదు. మా అమ్మ మాత్రం ఎప్పుడూ లేవదు. ఆ రోజు లేచింది. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నా బిడ్డ కాలు దేవుడు పూర్తిగా బాగుచేశాడు. నిన్న నా కళ్ళతో చూశా, ఉరికింది" అని చెప్పి బావురుమంది. మందిరమంతా "దేవునికే మహిమ" అంటూ చప్పట్లు. నా పేరు కూడా మహిమే కావడంతో తలకాయలన్నీ నా వైపు తిరిగాయి. నేను చాప మీద కూర్చుని పళ్ళు కొరుక్కుంటున్నాను. పూర్తిగానట, పూర్తిగా!

అసలు సంగతి ఇదీ. నేను పదివేల మీటర్లు పరిగెత్తేదాన్ని, యూనివర్సిటీకి పతకాలు కూడా తెచ్చాను. పోయిన వానాకాలం అద్దంకి రోడ్డు మీద ప్రాక్టీసు చేస్తుంటే వెనక నుంచి బైకొకటి గుద్దేసింది. మోకాలి కింద ఎముక విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. కొన్నాళ్ళు మంచం, ఇంకొన్నాళ్ళు చంకకర్రలు. చివరికి డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "ఎముక అతుక్కుందమ్మా, కానీ ఇంకా గట్టిపడలేదు. ఎక్కువసేపు నడువు, మధ్యలో కొంచెం జాగింగ్ చెయ్యి. ఎముకలో నొప్పి తెలిస్తే ఆ రోజుకి ఆపెయ్. తొందరపడి మళ్ళీ విరగ్గొట్టుకున్నావంటే ఇక పరుగు సంగతి మర్చిపో" అన్నారు. పరుగు మర్చిపోతే నాకు మిగిలేదేముంది? బుద్ధిగా తలూపి వచ్చాను. మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల వెనక డొంకలో కాస్త దూరం జాగింగ్ చేశాను. కళ్ళంలో కాయలకు తొడిమలు తీస్తున్న అమ్మ చూసింది ఆ కాస్త దూరమే.

మర్నాటి నుంచి నా బతుకు నడిబజార్లో పడింది. పొద్దున్నే షూ వేసుకుని నడుస్తుంటే టీకొట్టు దానయ్య, "ఏందమ్మాయ్, స్వస్థత అయిందిగా, నడుస్తన్నావేంది? ఉరుకు!" అంటాడు. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ, "ఇంకా కుంటుతున్నావేందే? విశ్వాసం తగ్గిందా?" అని ఆరా తీస్తుంది. వీళ్ళ దుంపతెగ, నా విశ్వాసంతో వీళ్ళకేం పని? కానీ నేను నడిస్తే అమ్మ అబద్ధాలకోరు అవుతుంది. అందుకని ఇళ్ళున్నంత మేరా పరిగెత్తడం, పత్తి చేలు రాగానే ఆగి కుంటుకుంటూ నడవడం. ఎదురుగా పత్తి తీసేవాళ్ళు కనపడితే మళ్ళీ పరుగు. డాక్టరు చెప్పిందేమిటి, నేను చేస్తున్నదేమిటి! ఒకప్పుడు పరిగెడుతుంటే ఆకలి కూడా గుర్తుండేది కాదు. ఇప్పుడు షూ లేసు కట్టుకోవాలంటేనే ఒళ్ళు బరువు. తెల్లారిందంటే చాలు, అబ్బా మళ్ళీనా అనిపించేది.

ఇది చాలదన్నట్టు పాస్టరు గారికి ఒక ఆలోచన వచ్చింది. "వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మన యూత్ అంతా మందిరం నుంచి హైవే దాకా పరుగు తీస్తారు. ముందు జెండా పట్టుకుని మన మహిమ" అని ప్రకటించేశారు. చెడ్డమనిషైతే మొహం మీదే కాదనేదాన్ని. నేను మంచంలో ఉన్నన్నాళ్ళూ వచ్చి ప్రార్థన చేసి, వస్తూ వస్తూ బత్తాయిలు తెచ్చిన మనిషి. ఏమనను?

శనివారం పొద్దున ఇళ్ళు దాటకముందే నొప్పి తెలిసింది. కండ నొప్పి కాదు, ఎముకలోది. బొటనవేలితో నొక్కితే ఒక్క చోట ప్రాణం పోయినంత పనైంది. కుంటుకుంటూ ఇంటికొచ్చేసరికి అమ్మ బియ్యం కడుగుతోంది.

"ఏందే ఆ మొహం?" అంది.

"ఎముకలో నొప్పి. రేపు నేను పరిగెత్తను."

"నెమ్మదిగానైనా ఉరకలేవా? అంతమంది వస్తారు..."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్నెవరు చెప్పమన్నారమ్మా సాక్ష్యం? కొన్నాళ్ళు ఆగితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను.

అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు వంచింది. తర్వాత గిన్నెలోకి చూస్తూనే అంది. "మీ నాన్నకి జొరం తగ్గినప్పుడు చెప్పలా. లేచి కూర్చుని పెరుగన్నం తిన్నాడు. సాక్ష్యం చెప్పమ్మా అన్నారు పాస్టరు గారు. నలుగురిలో మైకు పట్టుకోవాలంటే సిగ్గేసి, వచ్చే వారం చెప్తాలెండి అన్నా. వచ్చే వారానికి మీ నాన్న లేడు. మేలు పొంది చెప్పకుండా దాచుకున్నానని దేవుడు ఎనక్కి తీసుకున్నాడు. అందుకే నువ్వు నాలుగడుగులు ఉరకంగానే పోయి చెప్పా. నిన్ను కూడా తీసుకుంటే నేనేం కాను?"

నాన్న పోయినప్పుడు నేను చిన్నపిల్లని. ఇన్నేళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని బతికిందా ఈ మనిషి? నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. "దేవుడు అట్లాంటోడు కాదులేమ్మా" అన్నాను. అమ్మ తలెత్తలేదు. ఆమె కోసం పరిగెత్తేద్దాం, విరిగితే విరిగింది అనుకున్నాను. వాదించే ఓపిక కూడా లేకపోయింది.

ఆదివారం షూ వేసుకునే మందిరానికి వెళ్ళాను, అవగానే పరుగు కదా అని గుమ్మం దగ్గర విప్పకుండా గోడవారన చాప చివర కూర్చున్నాను. యూత్ పిల్లలంతా తెల్ల టీషర్టుల్లో వచ్చారు. ఆరాధన అయింది. పాస్టరు గారు జెండా చేత్తో పట్టుకుని, "రామ్మా మహిమా, పరుగుకి ముందు రెండు మాటలు చెప్పు" అన్నారు. గోడ ఆసరాతో లేవబోయాను. లేచేటప్పుడు నా మొహం ఎట్లా పెట్టానో ఏమో, అమ్మ నా చున్నీ పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చో" అంది. తను లేచి వెళ్ళి మైకు తీసుకుంది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. అప్పుడు నేను తొందరపడి సాక్ష్యం చెప్పా. పూర్తిగా అన్నా. పూర్తిగా కాలా. దానికి కాలు నొప్పి. ఇయ్యాల అది ఉరకదు, రేపు కూడా ఉరకదు, నడుస్తది. అది నడిచేటప్పుడు ఎవరూ ఏమీ అనమాకండి." అక్కడితో ఆపుతుందనుకున్నాను. మైకు అట్లాగే పట్టుకుని కప్పు వైపు చూసింది. "ప్రభువా, తప్పు నాది. అడిగితే నన్నడుగు. దాని జోలికి మాత్రం రామాక" అంది.

ఒక్కరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారు జెండాని గోడకు ఆనించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. అందరూ చూస్తుండగానే నా షూ విప్పి, నా కాలు తన ఒళ్ళోకి తీసుకుని నిమరడం మొదలుపెట్టింది. "అమ్మా, మందిరంలో..." అని కాలు లాక్కోబోయాను. "ఉండనీ" అంది. ముందురోజంతా మిరప తొడిమలు తీసిన చేతులవి. నిమిరిన చోటల్లా కాలు మండుతోంది. నేను చాలు అనలేదు.